పాత స్విఫ్ట్‌కు మొదటి స్టీరియో అప్‌గ్రేడ్: 25 వేలలో ముందు ఏం మార్చాలి?

నిజాంపేట్ స్విఫ్ట్ | శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాది 2015 స్విఫ్ట్ వీడీఐ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. స్టీరియో కంపెనీదే. నాలుగు డోర్లలో స్పీకర్లున్నాయి, ట్వీటర్లు (సన్నని పై ధ్వనుల కోసం ఉండే చిన్న స్పీకర్లు) లేవు.

నెలకోసారి నాన్నగారిని తెనాలి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చి మళ్లీ దింపుతుంటాను. ఆయనకు పౌరాణిక పద్యాలంటే ప్రాణం. దాదాపు 300 కిలోమీటర్లూ అవే వింటాం. చిక్కేమిటంటే బండి 80 దాటగానే రోడ్డు చప్పుడులో పద్యం మునిగిపోతుంది. వాల్యూమ్ పెంచితే హార్మోనియం చెవిలో గుచ్చుకుంటుంది గానీ మాట మాత్రం తెలియదు. పది నిమిషాలకే ఆయన "ఇక కట్టెయ్ రా" అంటారు. నాకేమో తబలా, డప్పు కాస్త నిండుగా వినపడాలని ఉంటుంది.

బడ్జెట్ 25 వేలు. ఒక షాపులో అడిగితే 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ 12 వేలు, నాలుగు డోర్లకూ "350 వాట్ల" స్పీకర్లు 7 వేలు, డిక్కీలో బేస్ ట్యూబ్ (లోతైన శబ్దాల కోసం గొట్టంలో బిగించిన స్పీకర్) 6 వేలు అన్నారు. సరిగ్గా 25 వేలకు సరిపోయింది. తీసుకోమంటారా?

గోదారి రోడ్డు | శనివారం రాత్రి

తీసుకోండి బ్రదర్. నా బండికి మూడేళ్ల క్రితం ఇంచుమించు ఇదే చేయించాను. స్క్రీన్ ఉంటే మ్యాప్ పెద్దగా కనిపిస్తుంది, రివర్స్ కెమెరా పెట్టుకోవచ్చు. బేస్ ట్యూబ్ వచ్చాక పాటకు నిండుదనం వచ్చింది. పిల్లలు చాలా సంతోషపడ్డారు.

ఆటోనగర్ వైరింగ్ | ఆదివారం ఉదయం

నేను విజయవాడ ఆటోనగర్‌లో 14 ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్నాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 350 వాట్ల సంగతి. అది పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే పీక్ లెక్క. ఒక్క క్షణం తట్టుకుంటే చాలు, ఆ అంకె వేసేస్తారు. మనం చూడాల్సింది పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా నడిచే వాట్లు. 350 అని రాసిన స్పీకర్‌కు ఆర్‌ఎంఎస్ 35, 40 వాట్లే ఉండటం మామూలే. స్టీరియో కూడా అంతే. "50 వాట్లు ఇంటూ 4" అని రాస్తారు గానీ లోపలున్న చిప్పుకి బ్యాటరీ నుంచి అందేది 14 వోల్టులకు అటూ ఇటూ. ఆ వోల్టేజితో 4 ఓమ్‌ల (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) స్పీకర్‌కు శుభ్రంగా ఇవ్వగలిగింది ఒక్కో ఛానెల్‌కు 18 నుంచి 20 వాట్లు. అది దాటితే తరంగం పైన, కింద కత్తిరించినట్టు అవుతుంది. మీ నాన్నగారి చెవిలో గుచ్చుకుంటున్నది చాలావరకు అదే. హార్మోనియం తప్పేమీ లేదు.

ఇప్పుడు షాపువాళ్లు చెప్పింది చూడండి. 12 వేలు స్క్రీన్‌కు పోతున్నాయి. ఆ స్క్రీన్ లోపల ఉండేది కూడా అలాంటి చిప్పే. అంటే సగం డబ్బు పెట్టాక కూడా పద్యం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. స్క్రీన్ మ్యాపుకీ కెమెరాకీ పనికొస్తుంది, కాదనను. మీరు అడిగింది మాత్రం వేరు.

నా మాట ఒక్కటే. ముందు డోర్లు రెండూ బాగు చేయండి. డబ్బంతా అక్కడే పెట్టండి. వెనక డోర్ల జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. ముందు కూర్చున్న ఇద్దరికీ పాట ఎదురుగా వినిపించాలి. వెనక నుంచి వచ్చేది వాళ్లకు అడ్డమే.

మృదంగం కారు | ఆదివారం మధ్యాహ్నం

ఆటోనగర్ గారు చెప్పినదానికి సంగీతం వైపు నుంచి ఒక మాట. నేను మృదంగం వాయిస్తాను, కాబట్టి ఏ శబ్దం ఎక్కడ ఉంటుందో చెవికి కాస్త అలవాటు.

పద్యం పాడే గొంతు, హార్మోనియం రెండూ ఒకే మధ్య స్థాయిలో తిరుగుతాయి. అందుకే ఒకటి మరొకదాన్ని మింగేస్తుంది. మాట తెలియాలంటే స, శ, త లాంటి హల్లులు స్పష్టంగా వినపడాలి. అవి ఉండేది పైస్థాయిలో. డోర్ అడుగున, మోకాలి పక్కన ఉన్న 6.5 అంగుళాల స్పీకర్ ఒక్కటే వాటిని చెవి దాకా చేర్చలేదు. పై ధ్వనులు టార్చ్ వెలుగులా తిన్నగా పోతాయి, మన కాళ్లకు తగిలి అక్కడే ఆగిపోతాయి. ట్వీటర్ పైన, సైడ్ అద్దం దగ్గర త్రికోణంలో పెడితే అదే పద్యంలో మాటలు విడివిడిగా తెలుస్తాయి.

ఇక మీకు కావాల్సిన తబలా డగ్గా (ఎడమ చేతిది), మృదంగం ఎడమ వైపు నుంచి వచ్చే లోతైన గుమికీ చాలావరకు మంచి డోర్ స్పీకర్‌లోనే వస్తాయి. సబ్ ఊఫర్ (లోతైన బేస్‌కు విడిగా పెట్టే స్పీకర్) లేకపోతే రావని అనుకోవద్దు. డోర్ గట్టిగా ఉండాలి, అంతే. ఇంకో సంగతి, పాత పద్యాల రికార్డులు చాలావరకు మోనో. వాటిలో లోతైన బేస్ అసలు లేదు. బేస్ ట్యూబ్ పెట్టి బూస్ట్ పెంచితే లేనిదాన్ని లాగడమే, బూమ్ మంటూ మాట ఇంకా మునిగిపోతుంది.

నిజాంపేట్ స్విఫ్ట్ | ఆదివారం సాయంత్రం

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అడ్వాన్స్ ఇవ్వబోయి ఆగిపోయాను. కోయాక్సియల్ అంటే ఒకే స్పీకర్ మధ్యలో ట్వీటర్ ఉండేది, కాంపొనెంట్ అంటే ఊఫర్ (పెద్ద స్పీకర్), ట్వీటర్, ఆ రెండింటికీ ధ్వనులను పంచే క్రాస్ఓవర్ విడివిడిగా వచ్చేది అని అర్థమైంది. ముందుకు కాంపొనెంటే తీసుకుంటాను. ఏ బ్రాండ్ మంచిది? మా కజిన్ అమెరికా నుంచి వస్తున్నాడు, అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా?

డాలస్ తెలుగు బండి | ఆదివారం రాత్రి

తెప్పించుకోవద్దనే చెప్తాను తమ్ముడూ. కాంపొనెంట్ సెట్‌లో అయస్కాంతాలుంటాయి, యాంప్ (స్పీకర్లకు పవర్ పెంచి ఇచ్చే విడి పెట్టె) కూడా తెప్పిస్తే అది ఇనప ముక్కలా ఉంటుంది, లగేజీ బరువంతా దానికే పోతుంది. ఇక్కడ కొన్నదానికి మన దగ్గర వారంటీ దొరకడం కష్టం. ఒక ట్వీటర్ పోతే మళ్లీ ఇక్కడికే రావాలి. సోనీ, పయనీర్, జేబీఎల్ లాంటివి మన ఊళ్లలోనే దొరుకుతున్నాయి. బిల్లూ వారంటీ కార్డూ ఇచ్చే చోట కొనండి, నకిలీలు కూడా తిరుగుతున్నాయి.

ఇక్కడి నుంచి పనికొచ్చేది ఒకటి చెప్తాను. యాంప్ కొనేటప్పుడు పెట్టె మీద గానీ, మాన్యువల్‌లో గానీ సీటీఏ-2006 అని ఉందేమో చూడండి. పాత వాటి మీద సీఈఏ-2006 అని ఉంటుంది. 2003లో వచ్చిన ప్రమాణం అది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, వక్రీకరణ 1 శాతం దాటకుండా ఎన్ని వాట్లు వస్తాయో కొలిచి ఆ అంకె వేయాలి. అది లేనంత మాత్రాన చెడ్డదని కాదు, ఉంటే మాత్రం అంకెను నమ్మవచ్చు.

స్పీకర్‌లో చూడాల్సిన ఇంకో అంకె సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత శబ్దం చేస్తుందో. 89 డెసిబెల్స్ ఉన్నదానికీ 92 ఉన్నదానికీ తేడా మూడే కదా అనిపిస్తుంది. కానీ 3 డెసిబెల్స్ అంటే రెట్టింపు పవర్. 92 ఉన్నది 20 వాట్లతో చేసే శబ్దానికి 89 ఉన్నదానికి 40 వాట్లు కావాలి. స్టీరియో మీదనే నడిపేవాళ్లు దీన్ని అసలు వదలకూడదు.

ఆటోనగర్ వైరింగ్ | సోమవారం ఉదయం

డాలస్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఇంకోటి కలుపుతాను. కొన్ని స్పీకర్లు 4 ఓమ్‌లు కాకుండా 2 లేదా 3 ఓమ్‌లతో వస్తున్నాయి. యాంప్ దాన్ని తట్టుకునేదైతే పరవాలేదు. కంపెనీ స్టీరియోకు తగిలిస్తే వేడెక్కి మధ్యలో ఆగిపోవచ్చు. పెట్టె మీద చూసుకోండి.

కొనేముందు లోతు కొలవండి. డోర్ ప్యాడ్ విప్పి, గ్లాసు పూర్తిగా కిందికి దించి, స్పీకర్ బిగించే రేకు నుంచి గ్లాసు దాకా స్కేలు పెట్టండి. అయస్కాంతం గ్లాసుకు తగిలితే పవర్ విండో మోటారు కూడా పోవచ్చు.

విశాఖ ఐ10 | సోమవారం మధ్యాహ్నం

నాకు జరిగింది చెప్తాను, మీకు అలా కాకూడదని. స్పీకర్లు మంచివే కొన్నాను. బిగించినవాళ్లు డోర్ లోపల ఉండే ప్లాస్టిక్ షీట్‌ను చించేసి, మళ్లీ అతికించకుండా ప్యాడ్ మూసేశారు. మొదటి పెద్ద వానకే కాళ్ల కింద కార్పెట్ తడిసిపోయింది. నాలుగు రోజులు వాసన. ఎక్కడి నుంచి నీళ్లొస్తున్నాయో తెలియక సన్‌రూఫ్ లేని బండికి పైకప్పు కూడా వెతికించాను.

అసలు సంగతి ఇది. గ్లాసు మీద పడ్డ వాన నీళ్లు డోర్ లోపలికి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల నుంచి బయటికి పోతాయి. అది మామూలే. ఆ నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేదే ఆ ప్లాస్టిక్ షీట్. రెండోది, స్పీకర్ కింద చెక్కపొట్టు బోర్డుతో చేసిన రింగు వేశారు. ఏడాదికి అది నాని ఉబ్బి, స్క్రూలు వదులై, స్పీకర్ గరగరలాడింది. ప్లాస్టిక్ రింగే అడగండి. చెక్క రింగు తప్పదంటే నాలుగు వైపులా పెయింట్ వేసి ఆరాకే బిగించమనండి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు మరీ జాగ్రత్త, స్క్రూలకు తుప్పు కూడా త్వరగా పడుతుంది.

ఆటోనగర్ వైరింగ్ | సోమవారం మధ్యాహ్నం

అమ్మా, మీరు చాలా విలువైన మాట చెప్పారు. మా దగ్గరకు వచ్చే పది రిపేర్లలో సగం స్పీకర్ పోయి రావు, బిగింపు సరిగా లేక వస్తాయి.

డ్యాంపింగ్ (డోర్ రేకు అదరకుండా షీట్లు అతికించడం) గురించి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే ఈ బడ్జెట్‌లో అందరూ కోసేసేది దాన్నే. డోర్ అంటే పెద్ద కన్నాలున్న రేకు డబ్బా. స్పీకర్ ముందుకు ఎంత గాలి తోస్తుందో, వెనక్కీ అంతే తోస్తుంది. వెనకది కన్నాల గుండా ముందుకు వచ్చి కలిస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బేస్ పోయేది అక్కడే. అందుకే బయటి రేకు మీద కొన్ని షీట్లు, లోపలి రేకు మీద కన్నాలన్నీ మూసేలా మరికొన్ని అతికించాలి. బ్యుటైల్ (ఒక రకం రబ్బరు) షీట్లే తీసుకోండి. తారు కలిపిన చవక షీట్లు మన ఎండలకు మెత్తబడి జారుతాయి, బండి వాసనేస్తుంది. విజయవాడ మే నెలలో ఎండలో ఆపిన బండి డోర్ రేకు మీద చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. షీట్‌ను రోలర్‌తో గట్టిగా అదమాలి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు.

గోదారి రోడ్డు | సోమవారం రాత్రి

ఇవన్నీ చదివాక నా డోర్ ప్యాడ్ విప్పి చూశాను. ప్లాస్టిక్ షీట్ సగం ఊడిపోయి ఉంది. మీ అందరి మాటా ఒప్పుకుంటున్నాను. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. కొత్తవాళ్లు ముందే యాంప్ దాకా వెళ్లనక్కర్లేదు. ముందు స్పీకర్లు, డ్యాంపింగ్ చేయించి రెండు నెలలు వినండి. చాలకపోతే అప్పుడు యాంప్. మిగిలిన డబ్బు చేతిలో ఉంటుంది.

మృదంగం కారు | సోమవారం రాత్రి

సిటీలో తిరిగే బండికైతే గోదారి గారి మాట సరైనదే. ఈయన విషయం వేరు. హైవే మీద, చప్పుడులో, మాట తెలియాలి. రోడ్డు చప్పుడు దాటి వినాలంటే 20 వాట్లు అంచుకు వచ్చేస్తాయి. యాంప్ అంటే గోల కోసమని అందరూ అనుకుంటారు. నాకు తెలిసి అది ఊపిరి కోసం. పద్యం చివర రాగం పైకి లాగినప్పుడు గొంతు నలగకుండా ఉండేది దానివల్లే.

నిజాంపేట్ స్విఫ్ట్ | మంగళవారం

డోర్ విప్పి కొలిచాను, గ్లాసు దాకా 6 సెంటీమీటర్ల పైనే ఉంది. నాలుగు ఛానెళ్ల యాంప్ కూడా తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. కంపెనీ స్టీరియోకు వెనక ఆర్‌సీఏ సాకెట్లు (యాంప్‌కు సిగ్నల్ ఇచ్చేవి) లేవు కదా, యాంప్‌కు ఎలా కలుపుతారు?

ఆటోనగర్ వైరింగ్ | మంగళవారం

హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ల సిగ్నల్‌నే తీసుకునేది) ఉన్న యాంప్ తీసుకోండి. స్టీరియో నుంచి ముందు స్పీకర్లకు వెళ్లే వైర్లనే దానికి కలపవచ్చు. వెనక డోర్లు ఎప్పటిలా స్టీరియో మీదనే నడుస్తాయి, వాటి శబ్దం తగ్గించి పెట్టుకోండి. కంపెనీ వైరు కొయ్యనివ్వొద్దు, కప్లర్ (సరిపోయే ప్లగ్) దొరుకుతుంది, మధ్యలో తగిలిస్తే చాలు. రేపు బండి అమ్మేటప్పుడు మళ్లీ తీసేయొచ్చు.

క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ అయితే చిన్నగా ఉంటుంది, సీటు కింద పడుతుంది, వేడీ తక్కువ. ఒక్కో ఛానెల్‌కు 60 వాట్ల ఆర్‌ఎంఎస్ అనుకుందాం. నాలుగూ పూర్తిగా నడిస్తే 240 వాట్లు. వృథా కలుపుకుంటే బ్యాటరీ నుంచి 300 వాట్లు, అంటే 22 ఆంపియర్లు. 8 గేజి రాగి వైరు, 30 ఆంపియర్ ఫ్యూజు చాలు. వైరు కొనేముందు ఒక పోగును కత్తితో గీరండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, వద్దు. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది యాంప్‌ను కాపాడటానికి కాదు. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంట రాకుండా కాపాడటానికి. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింట్ గీకిన రేకు మీద బిగించాలి.

ముందుకు రెండు ఛానెళ్లు వాడండి. మిగిలిన రెండూ ఊరికే ఉంటాయి. ఎప్పుడైనా చిన్న సబ్ పెట్టాలనిపిస్తే ఆ రెండింటినీ బ్రిడ్జి చేసి (ఒకటిగా కలిపి) దానికివ్వొచ్చు.

నిజాంపేట్ స్విఫ్ట్ | మూడు వారాల తర్వాత

అయ్యింది, కానీ మనసుకు బాగాలేదు. లెక్క ఇది: కాంపొనెంట్ సెట్ 6,800, ముందు డోర్లకు బ్యుటైల్ షీట్లు 3,600, యాంప్ 9,000, వైర్లు, ఫ్యూజు 1,900, ప్లాస్టిక్ రింగులు 400, లేబర్ 2,500. మొత్తం 24,200. మాటలు ఇప్పుడు చాలా స్పష్టం. కానీ తబలా పాత స్పీకర్లలో ఉన్నంత కూడా లేదు. గొంతు కూడా మధ్యలో కాకుండా ఎటో చెదిరినట్టుంది. బిగించినవాళ్లు "కొత్త స్పీకర్లు, నెల వాడితే సెట్ అవుతాయి" అన్నారు. రాత్రి నిద్ర పట్టలేదు, ఇంత ఖర్చు పెట్టి తప్పు చేశానా అని టెన్షన్‌గా ఉంది.

మృదంగం కారు | అదే రోజు

కంగారు పడకండి. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత కుడికి. ఒక్కో వైపు విడిగా తబలా బాగుండి, రెండూ కలిస్తే పోతోందా?

నిజాంపేట్ స్విఫ్ట్ | అదే రోజు

అవును! ఒక్క వైపే పెడితే బేస్ ఎక్కువగా ఉంది. రెండూ కలిపితే తగ్గుతోంది. ఇదెలా సాధ్యం?

ఆటోనగర్ వైరింగ్ | అదే రోజు

ఒక డోర్‌లో ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకర్ ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతోంది. స్టీరియో ఆపి, ఊఫర్ వైర్లను క్రాస్ఓవర్ దగ్గర విప్పండి. పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ ఒక్క క్షణం తాకించండి. కోన్ (స్పీకర్ ముందు కదిలే గరాటు లాంటి భాగం) బయటికి రావాలి. లోపలికి పోతే ఆ వైపే తిరగబడింది. ట్వీటర్‌కు మాత్రం సెల్ తాకించొద్దు, కాలిపోవచ్చు.

నిజాంపేట్ స్విఫ్ట్ | మర్నాడు

ఎడమ డోర్! కోన్ లోపలికి పోయింది. వైర్లు మార్చి బిగించాను. అదే తబలానా అనిపించింది. గొంతు సరిగ్గా డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడింది. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఇక యాంప్ మీద గెయిన్ ఎంత పెట్టాలి? వాళ్లు సగానికి తిప్పి వదిలేశారు.

డాలస్ తెలుగు బండి | మర్నాడు

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు తమ్ముడూ, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను జత చేసే మీట. మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే పెట్టుకోవచ్చు. స్పీకర్ వైర్లు యాంప్ దగ్గర విప్పేయండి. బేస్, ట్రెబుల్ సున్నాలో పెట్టండి. ఫోన్ వాల్యూమ్ పూర్తిగా, స్టీరియో ముప్పావు వంతు. ఫోన్‌లో 1000 హెర్ట్జ్ టోన్, 0 డెసిబెల్స్‌ది ప్లే చేయండి. 60 వాట్లను 4 ఓమ్‌లతో గుణిస్తే 240, దాని వర్గమూలం 15.5. మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి 15.5 వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపేయండి. ముందు స్పీకర్లకు హై పాస్ (ఆ అంకె కన్నా కింది ధ్వనులను ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే గొంతు ఇంకా తేటగా ఉంటుంది. సబ్ లేదు కాబట్టి 60కి దించి కూడా విని చూడండి. చెవికి ఏది నచ్చితే అదే.

నిజాంపేట్ స్విఫ్ట్ | తర్వాతి ఆదివారం

గెయిన్ 15.5 దగ్గర, హై పాస్ 60 దగ్గర పెట్టాను. నిన్న నాన్నగారిని తీసుకొచ్చాను. విజయవాడ దాటాక పద్యాలు వేశాను, ఏం మార్చానో చెప్పలేదు. సూర్యాపేట దాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. అక్కడ టీకి ఆపితే, "ఆ మూడో పద్యం చివర వచ్చే ఎత్తుగీతి మొన్నటిదాకా తెలిసేదే కాదురా, మళ్లీ పెట్టు" అన్నారు. నిజాంపేట్ వచ్చేదాకా కట్టెయ్యమనలేదు.

ఆటోనగర్ వైరింగ్ | తర్వాతి ఆదివారం

చాలా సంతోషం బాబూ. బానెట్ ఎత్తి ఫ్యూజు ఎక్కడ పెట్టారో ఒక ఫోటో పెట్టండి. డోర్లో వైర్లు తిప్పి బిగించినవాళ్లు అదెక్కడ పెట్టారో చూడకుండా నాకు మనసొప్పదు.

నిజాంపేట్ స్విఫ్ట్ | తర్వాతి ఆదివారం రాత్రి

ఫోటో పెట్టాను. బ్యాటరీ నుంచి మీటరు పైనే ఉంది, క్యాబిన్ లోపల, ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు) దాటాక.

ఆటోనగర్ వైరింగ్ | తర్వాతి ఆదివారం రాత్రి

అనుకున్నాను. ఆ మీటరు వైరుకు ఇప్పుడు ఏ రక్షణా లేదు. రేపు పొద్దున్నే బ్యాటరీ మైనస్ విప్పి, ఫ్యూజును బ్యాటరీ పక్కకు మార్పించండి. వైరు రేకు దాటే చోట రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరుసుకోకుండా కన్నంలో వేసే రింగు) ఉందో లేదో కూడా చూడండి. అది అయ్యేదాకా యాంప్ ఫ్యూజు తీసి పక్కన పెట్టండి.

నిజాంపేట్ స్విఫ్ట్ | సోమవారం

మార్పించాను అన్నా. ఇప్పుడు జానెడు దూరంలో ఉంది. గ్రోమెట్ లేదు, అది కూడా వేయించాను.